కోత ఒకరిది, మోత ఒకరిది

పిన్ని రిపోర్టు డైనింగ్ టేబుల్ మీద, ఉప్పు డబ్బా కింద నొక్కిపెట్టి ఉంది. ‘యాంటీ డీఎస్-డీఎన్‌ఏ: పాజిటివ్’ అన్న వరుస కింద బాబాయి పెన్సిల్‌తో రెండుసార్లు గీత గీశారు. పిన్నికి లూపస్ వచ్చి ఎనిమిదేళ్ళయింది. బాబాయి తెనాలిలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యారు. నేను హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో, చచ్చిపోతున్న కణాల డీఎన్‌ఏని జెల్ మీద రన్ చేస్తూ ఏళ్ళు గడిపినదాన్ని. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇద్దరికీ పడిన పేచీ ఇది. గుర్తున్నంత మేరకు మాట పోకుండా రాస్తున్నాను.

బాబాయి: ఈ వరుస నాకు మింగుడుపడటం లేదమ్మాయ్. డీఎన్‌ఏ అంటే కేంద్రకం లోపల, రెండు తలుపుల వెనకాల ఉండే సరుకు. ఒంటికి అది కనపడే అవకాశమే లేదు. కనపడని దాని మీద యాంటీబాడీ ఎట్లా పుడుతుంది?

నేను: కణం చచ్చిపోయినప్పుడు కనపడుతుంది బాబాయ్. పెద్దవాళ్ళ ఒంట్లో రోజుకి వేల కోట్ల కణాలు చస్తుంటాయి.

బాబాయి: అక్కడే నా అభ్యంతరం. అవన్నీ చచ్చేది ఎపాప్టోసిస్‌తోనే కదా. అది శుభ్రమైన చావు అని చెప్పి నేను ముప్పై బ్యాచ్‌ల పిల్లల్ని పరీక్షలకి పంపాను. నెక్రోసిస్ అయితే ఒప్పుకుంటాను, కణం ఉబ్బి పగిలిపోతుంది, లోపలిదంతా వీధిన పడుతుంది. ఎపాప్టోసిస్‌లో అట్లా కాదే. కణం కుంచించుకుపోతుంది, తన డీఎన్‌ఏని తానే ముక్కలు కోసుకుంటుంది, పొట్లాలు కట్టుకుంటుంది, పోతుంది. ఎవరికీ భారం కాదు. గయకి పోయి ఎవరి పిండం వాళ్ళే పెట్టుకుని వస్తారు చూడు, అట్లాంటి చావది.

నేను: ఆత్మపిండం పెట్టుకున్నవాడినైనా చివరికి పాడె ఎత్తేది నలుగురే కదా బాబాయ్. మీరు చెప్పే పాఠంలో ఆ నలుగురు లేరు.

ఆయన లేచి వెళ్ళి పాత నోట్సు తెచ్చారు. అట్ట ఊడిపోయి, పసుపు దారంతో కుట్టిన పుస్తకం. లోపల ఎర్ర పెన్సిల్‌తో వేసిన నిచ్చెన బొమ్మ.

బాబాయి: ఇది చూడు. 1972లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కెర్, అబర్డీన్‌లో వైలీ, కరీ, ముగ్గురూ కలిసి ఈ చావుకి పేరు పెట్టారు. గ్రీకులో ఆకు రాలడానికి వాడే మాట. ఎనిమిదేళ్ళ తరవాత వైలీ ఎలుక థైమస్ కణాలకి స్టెరాయిడ్ పోసి చూశాడు. కణాలు చచ్చాయి, వాటి డీఎన్‌ఏ ఇట్లా నిచ్చెనలాగా మెట్లుమెట్లుగా తెగింది. అప్పటిదాకా చావంటే కూలిపోవడం అనుకున్నారు. కొలత ప్రకారం తెగిందంటే కూలిపోవడం కాదు, కోసిన చెయ్యి ఒకటుంది. అది కణం చెయ్యే.

పిన్ని వంటింట్లోంచి: స్టెరాయిడ్ అంటే నేను పొద్దున వేసుకునేదేనా?

నేను: ఆ కుటుంబంలోదే పిన్నీ.

బాబాయి కాసేపు ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ నిచ్చెన చూడగానే ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే దాన్ని నేను బొమ్మలో కాదు, కంటితో చూశాను.

నేను: మీ బొమ్మ సరిగ్గానే ఉంది. జెల్ పలక అరచెయ్యంత ఉంటుంది బాబాయ్. జున్నుముక్కలా వణుకుతుంటుంది. రెండు గంటలు కరెంటు పెట్టి, చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం మీద పరిస్తే డీఎన్‌ఏ నారింజ రంగులో వెలుగుతుంది. బతికున్న కణాల వరుసలో పైన, గుంట దగ్గరే ఒక మందపాటి పట్టీ. అంత పొడుగు పోగు కదల్లేక అక్కడే ఆగిపోతుంది. నెక్రోసిస్‌తో చచ్చినవాటి వరుసలో పైనుంచి కిందదాకా కాటుక చేత్తో తుడిచినట్టు చార. ఎపాప్టోసిస్ వరుసలో మాత్రం మెట్లు. అన్నిటికన్నా కింద 180 బేస్ జతల దగ్గర ఒకటి, దానిపైన 360, ఆ పైన 540, పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరదగ్గరగా జరిగి కలిసిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు దీపం ఆర్పబుద్ధి కాలేదు.

బాబాయి: మరి? ఆ 180 ఎక్కడినుంచి వచ్చింది? హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ డీఎన్‌ఏ 147 జతల మేర చుట్టుకుని ఉంటుంది. ఒక చుట్టకీ ఇంకో చుట్టకీ మధ్య కాస్త ఖాళీ దారం. పూలమాల తెంపేవాడు పువ్వు మీద కత్తి పెట్టడు, పువ్వుకీ పువ్వుకీ నడుమ దారం మీద పెడతాడు. అందుకే ఒక పువ్వు ముక్క, రెండు పూల ముక్క, మూడు పూల ముక్క, అన్నీ ఒకే లెక్కలో వస్తాయి. ఎంత నేర్పు ఉందో చూడు!

నేను: నేర్పు లేదనను. కాకపోతే ఆ కత్తెరకి దారం తప్ప పువ్వు అందదు బాబాయ్. చుట్టుకున్న చోట హిస్టోన్లు అడ్డం, మధ్యలో తెరిచి ఉంది, అక్కడే కోసింది.

బాబాయి: సరే, ఆ కత్తెర సంగతే చెప్పు. నా నోట్సులో దాని పేరు లేదు. రిటైరయ్యాక చదివాను.

నేను: 1990ల చివర్లో దొరికింది. అమెరికాలో షావోడాంగ్ వాంగ్ బృందం ఒక పేరు పెట్టింది, ఒసాకాలో నగాటా బృందం ఇంకో పేరు పెట్టింది. నగాటా వాళ్ళు పెట్టిన ‘క్యాడ్’ అన్న పేరే వాడుకలో నిలిచింది. ఆరోగ్యంగా ఉన్న ప్రతి కణంలోనూ అది ఉంటుంది. ‘ఐక్యాడ్’ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ ఐక్యాడ్ లేకుండా క్యాడ్ అసలు సరిగ్గా మడత పడదు. అంటే కత్తి పుట్టేటప్పుడే ఒర పక్కనుండాలి. ఒర లేకుండా పుట్టిన కత్తికి పదునే ఉండదు.

బాబాయి: అంతకన్నా ఏం కావాలమ్మాయ్? కణం పుట్టినప్పటినుంచీ చావుకి సామాను సర్ది పెట్టుకుంది. చావు కబురు రాగానే కాస్పేస్-3 అనే ఎంజైమ్ వచ్చి ఆ ఒరని రెండు చోట్ల తెంపుతుంది. కత్తులు బయటపడి జతకట్టి కత్తెరవుతాయి. అంతేనా? తెగిన డీఎన్‌ఏని అతకడానికి పరిగెత్తుకొచ్చే పార్ప్ అనే ప్రోటీన్‌ని కూడా అదే కాస్పేస్ తెంపేస్తుంది, మధ్యలో ఎవరూ కుట్లు వేయకుండా. ఇంత ఏర్పాటు చేసుకున్న కణాన్ని పట్టుకుని పాడె మోసేవాడు కావాలంటావు!

ఇది మంచి దెబ్బే. నాకు తెలిసినవాళ్ళలో చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నేనూ ల్యాబ్‌లో మొదటి మూడేళ్ళు ఇక్కడే ఆగాను.

నేను: ఒక ప్రశ్న బాబాయ్. ఆ కత్తెర లేని ఎలుక ఏమవ్వాలి మీ లెక్కన?

బాబాయి: పుట్టకూడదు. పుట్టినా బతకకూడదు.

నేను: 1998లోనే ఐక్యాడ్ లేని ఎలుకల్ని పుట్టించారు. ఒర లేదు కాబట్టి కత్తీ లేదు. వాటి థైమస్ కణాలు గాజుపళ్ళెంలో చస్తే నిచ్చెన పడలేదు. ఎలుకలు మాత్రం తిని తిరిగి పెరిగాయి. కణాలు చావాల్సినప్పుడు చచ్చాయి. కోత లేకపోయినా చావు ఆగలేదు.

బాబాయి: ఇంకో కత్తెర ఉండి ఉంటుంది. మైటోకాండ్రియా నుంచి ఎండోన్యూక్లియేజ్-జి అని ఒకటి వస్తుందని 2001లోనే చెప్పారు.

నేను: వస్తుంది, కాదనను. కానీ ఇప్పుడు ఇంకో ఎలుక సంగతి వినండి. చచ్చిన కణాన్ని మింగే మాక్రోఫేజ్ ఉందే, దాని పొట్టలో, లైసోజోమ్‌లో, ఆమ్లంలో పనిచేసే కత్తి ఇంకోటుంది, డీఎన్‌ఏజ్-2. అది చచ్చే కణానిది కాదు, తినే కణానిది. అది లేని ఎలుక పిల్లలు తల్లి కడుపులోనే, రక్తం చాలక చచ్చిపోయాయి.

బాబాయి: రక్తం చాలకపోవడమేంటి? డీఎన్‌ఏ కోయడానికీ రక్తానికీ ఏం సంబంధం?

నేను: ఎర్ర రక్తకణానికి కేంద్రకం ఉండదని మీరే చెప్తారు కదా పిల్లలకి. ఆ కేంద్రకం ఎటు పోయింది?

బాబాయి: బయటికి నెట్టేస్తుంది.

నేను: నెట్టేసినదాన్ని ఎవరు తీస్తారు? మన ఒంట్లో సెకనుకి ఇరవై లక్షలకి పైగా ఎర్ర కణాలు తయారవుతాయి. సెకనుకి అన్ని కేంద్రకాలు. ప్రతి కేంద్రకంలో రెండు మీటర్ల డీఎన్‌ఏ. మూలుగులో మాక్రోఫేజ్‌లు మధ్యలో కూర్చుని, చుట్టూ ఎర్ర కణాల పిల్లలు మూగి ఉంటే, విసిరేసిన కేంద్రకాన్ని విసిరినట్టే మింగుతుంటాయి. పుట్టని ఎలుక పిల్లలో ఈ పని కాలేయంలో జరుగుతుంది. డీఎన్‌ఏజ్-2 లేని పిల్లల కాలేయం చూస్తే మాక్రోఫేజ్‌ల నిండా అరగని డీఎన్‌ఏ ముద్దలు. అవి కడుపుబ్బరంతో ఊరుకోలేదు, ఇంటర్‌ఫెరాన్ అనే అలారం మోగించాయి. ఆ అలారమే రక్తం తయారీని ఆపేసింది. నగాటా బృందం ఇంటర్‌ఫెరాన్ మాట వినపడకుండా చేసి చూస్తే అవే ఎలుకలు బతికి పెద్దవయ్యాయి. తరవాత ఏమైందో తెలుసా? వాటికి కీళ్ళవాతం వచ్చింది.

పిన్ని వంటింట్లో గిన్నె కడగడం ఆపింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమె వేళ్ళ కణుపులు చలికాలంలో ఎట్లా వాస్తాయో మా ఇంట్లో అందరికీ తెలుసు.

పిన్ని: మన సొంత డీఎన్‌ఏకి అలారం ఎందుకే?

నేను: అలారం మోగించే ప్రోటీన్లు అక్షరాలు చదవవు పిన్నీ. ఇది నాది, ఇది వైరస్‌ది అని వాటికి తెలీదు. ఎక్కడ ఉందన్నదే చూస్తాయి. కేంద్రకంలో ఉంటే సరే. లైసోజోమ్‌లో కుప్పపడి కారిందంటే, సైటోప్లాజంలో కనపడిందంటే, ఎవడో చొరబడ్డాడనే లెక్క. అందుకే చచ్చిన కణం డీఎన్‌ఏ ఉత్త చెత్త కాదు. అరిగేదాకా అది నిప్పు.

బాబాయి: ఆగాగు. నీ మాటల్లోనే నాకు బలం దొరికింది. నిప్పు అన్నావు కదా. మరి నిప్పుని చిన్న చిన్న ముక్కలు చేసి ఇస్తేనే కదా ఆ మాక్రోఫేజ్ అరిగించుకోగలిగేది? దుంగని దుంగలా ఇస్తే ఏ పొయ్యిలో పెడతాడు? కణం సగం పని చేసి ఇస్తోంది. క్యాడ్, డీఎన్‌ఏజ్-2 రెండూ లేని ఎలుక సంగతేంటి మరి?

దీన్ని ఆయన ఊహించి అడిగారో, ఎక్కడైనా చదివారో తెలీదు. నాకు దాచిపెట్టుకునే ఉద్దేశం లేదు.

నేను: 2003లో చూశారు. రెండూ లేని పిల్లల్లో థైమస్ సరిగ్గా ఎదగలేదు. అక్కడా ఇంటర్‌ఫెరాన్ అలారమే. ఒక్క డీఎన్‌ఏజ్-2 మాత్రమే లేకపోతే థైమస్‌కి అంత దెబ్బ లేదు.

బాబాయి: హమ్మయ్య! అంటే కణం కోసుకున్న కోత ఒంటిని కాపాడుతోందనే కదా.

నేను: కాపాడుతోంది. ఒప్పుకుంటాను. తినేవాడు చేతులెత్తేసిన చోట కోసినవాడి పని బయటపడింది. కానీ బాబాయ్, వరుస మార్చి చూడండి. కోసేవాడు లేకపోతే తినేవాడు రెండు పనులూ చేసుకుపోయాడు. తినేవాడు లేకపోతే కోసినవాడి వల్ల ప్రాణం నిలవలేదు. ఈ రెండూ సమానం అని నేను అనలేను.

బాబాయి: మరి ముప్పై ఏళ్ళుగా పుస్తకాలన్నీ నిచ్చెన బొమ్మే ఎందుకు వేశాయి?

నేను: గాజుపళ్ళెం వల్ల! నాకు ఇది అర్థమవడానికి చాలాకాలం పట్టింది. నేను పళ్ళెంలో కణాలకి మందు పోసేదాన్ని. నాలుగు గంటలకి గుండ్రబడి అడుగు వదిలేసేవి. ఎనిమిది గంటలకి ద్రాక్షగుత్తిలా బుడిపెలు. అప్పుడు తీసి రన్ చేస్తే ముచ్చటైన నిచ్చెన. ఒకసారి పండక్కి ఊరొచ్చి పళ్ళెం మర్చిపోయాను. రెండు రోజుల తరవాత వెళ్ళి తీస్తే నిచ్చెన లేదు, కాటుక చార. బుడిపెలన్నీ పగిలిపోయాయి, నీళ్ళు జిగటగా తీగ సాగుతున్నాయి. ఆ జిగట డీఎన్‌ఏదే. మీరు శుభ్రమైన చావు అన్నారే, దాన్ని ఎత్తేవాడు రాకపోతే చివరికి అదీ నెక్రోసిస్ లాగే పగులుతుంది. పళ్ళెంలో మాక్రోఫేజ్ లేదు కాబట్టే నాకు నిచ్చెన కనపడింది. అదే థైమస్‌లో చూడండి, అక్కడ పుట్టిన కణాల్లో నూటికి తొంభైకి పైగా అక్కడే చచ్చిపోతాయి. అయినా థైమస్‌ని కోసి మైక్రోస్కోప్ కింద పెడితే చచ్చిన కణం ఒకటో రెండో దొరుకుతాయి. మిగతావన్నీ అప్పటికే మాక్రోఫేజ్ పొట్టలో ఉంటాయి. చస్తున్న కణం తన పైపొరలో లోపలివైపు ఉండాల్సిన కొవ్వుని బయటికి తిప్పుతుంది, నన్ను తిను అని. కణం చేసుకునే ఏర్పాట్లలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే బాబాయ్, కత్తెర కాదు.

బాబాయి నోట్సు మూసి మళ్ళీ తెరిచారు. వాదనలో ఓడినప్పుడు ఆయన చేసే పని కాదది. ఇంకేదో వెతుకుతున్నారు.

బాబాయి: సరే, నువ్వన్నట్టే పిలిచేదీ కణమే. పిలుపు కణానిది, కోత కణానిది. కణం చావుకి గుర్తు కోతే అని నేను ఇప్పటికీ అంటాను. మన కోడలికి మూడో నెలలో రక్తపరీక్ష చేసి లోపలి బిడ్డ క్రోమోజోములు చూశారు కదా. తల్లి రక్తంలో ఈదే ఆ ముక్కలు ఎక్కడివి? మావి కణాలు చచ్చి వదిలినవి. వాటి పొడుగు ఎంత? 166 జతల చుట్టుపక్కల. ఒక పువ్వు, కాస్త దారం. 1997లో డెన్నిస్ లో అనే ఆయన ఈ ముక్కల్ని చూపించినప్పటినుంచీ ఎంతమంది తల్లులకి కడుపులో సూది గుచ్చాల్సిన పని తప్పింది! ఆ కొలత ఆ కత్తెర ముద్ర కాదా?

నేను: కత్తెరల ముద్ర అనండి, ఒక్కటే కాదు. రక్తంలో తిరిగే ముక్కల్ని కోసేవి ఇంకా ఉన్నాయి. కానీ చావుకి గుర్తు కోత అన్నారు చూడండి, అక్కడ మాత్రం ఆగుతాను. అటావాలో కండర కణాల మీద 2010లో చేసిన పని ఉంది. లేత కణం కండర పోగుగా మారేటప్పుడు అదే కాస్పేస్, అదే క్యాడ్ లేచి డీఎన్‌ఏని కొన్ని చోట్ల కోస్తాయి. కణం చావదు. కోతని అతుక్కుని కండరం అవుతుంది. బాల్టిమోర్‌లో కణాలకి ఆల్కహాల్ పోసి చావు అంచుదాకా తోసి, కడిగి చూస్తే చాలా కణాలు తేరుకున్నాయి. తేరుకున్నవాటిలో కొన్ని డీఎన్‌ఏలో మచ్చలతో మిగిలాయి. కోసి వదిలేస్తే చావు ఖాయం కాదు బాబాయ్. ఒక్కోసారి అది క్యాన్సర్‌కి మొదలు.

బాబాయి: ఇది నాకు తెలీదు.

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు. పక్కన మార్జిన్‌లో ‘అటావా, కండరం’ అని రాసుకున్నారు.

పిన్ని: ఇదంతా సరే. నా దాంట్లో తప్పింది ఎవరు? కోసేవాడా, తినేవాడా?

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిన్నికి అబద్ధం చెప్పడం మా ఇద్దరికీ చేతకాదు.

నేను: ఈ కాగితం అది చెప్పదు పిన్నీ. కొందరిలో తెలుసు. సౌదీలో కొన్ని కుటుంబాల పిల్లలకి చిన్నప్పుడే లూపస్ వస్తుంటే 2011లో వెతికారు. అందరిలోనూ ఒకటే జన్యువు పాడైంది, డీఎన్‌ఏజ్-1-ఎల్-3. చచ్చిన కణం వదిలిన పొట్లాల్లోని డీఎన్‌ఏని రక్తంలో కోసే కత్తి అది. దాన్ని తయారుచేసి వదిలేది ఎక్కువగా మాక్రోఫేజ్ లాంటి కణాలే. ఇంకొందరిలో సీ1క్యూ అనే ప్రోటీన్ పుట్టుకతోనే ఉండదు. చచ్చిన కణానికి అంటుకుని తినేవాడికి చూపించేది అది. అది లేనివాళ్ళలో చాలామందికి లూపస్ వస్తుంది. పెద్దయ్యాక నీలాగా వచ్చినవాళ్ళలో ఒక్క జన్యువు మీద వేలు పెట్టి చూపించలేం. కానీ డీఎన్‌ఏ మీద యాంటీబాడీ ఉందంటే ఎక్కడో పొట్లం ఎత్తకుండా మిగిలింది. ఎవడో దాన్ని చూసి అలారం కొట్టాడు.

బాబాయి: 1948లో హార్‌గ్రేవ్స్ చూసింది కూడా అదే కదా. లూపస్ వాళ్ళ మూలుగులో, ఇంకో కణం కేంద్రకాన్ని మింగి కూర్చున్న తెల్లకణం. ఎల్.ఈ. సెల్ అని మేం ప్రాక్టికల్స్‌లో స్లైడ్ పెట్టేవాళ్ళం. పిల్లల చేత బొమ్మ వేయించేవాణ్ణి. అది ఎందుకు మింగిందో ఏనాడూ చెప్పలేదమ్మాయ్ నేను.

పిన్ని: మరి ఎండలోకి పోవద్దంటారే డాక్టరు?

నేను: ఎండకి చర్మం పైకణాలు చస్తాయి పిన్నీ, ఇదే చావు. వాటి బుడిపెల్లో డీఎన్‌ఏ, దాన్ని అంటుకున్న ప్రోటీన్లు పైకి తేలి వస్తాయి. మామూలు మనిషికైతే సాయంత్రానికి ఊడ్చేసే పని. నీకు ఊడ్చేవాళ్ళు వెనకబడ్డారు, పైగా అలారం గంట తాడు మరీ కిందికి వేలాడుతోంది. నువ్వు వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ గంట చప్పుడు తగ్గించడానికే.

బాబాయి: అయితే ఈ నిచ్చెన బొమ్మ తీసేయమంటావా?

నేను: తీయొద్దు. పక్కన తినేవాణ్ణి వేయండి.

బాబాయి: వేస్తాను. కానీ చిన్నగా వేస్తాను. కణం తన చావుకి తాను బాధ్యత తీసుకుందన్న మాట నేను వెనక్కి తీసుకోను.

నేను: నేనైతే మాక్రోఫేజ్‌ని పేజీ నిండా వేసి, నిచ్చెనని దాని పొట్టలో పెడతాను.

పిన్ని ఉలిక్కిపడి లేచింది. డాబా మీద పొద్దున గుమ్మడి వడియాలు పెట్టిందట, తిప్పలేదట. టైం రెండున్నర. మెట్ల దగ్గరికి వెళ్ళి చెప్పుల్లో కాలు పెట్టేలోపే బాబాయి ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. నోట్సు నా చేతికిచ్చి, తలకి తువ్వాలు చుట్టుకుని ఆయనే పైకెక్కారు. పిన్ని కింద మెట్టు నీడలో నిలబడి, అంచులవి ముందు తిప్పండి, మధ్యలోవి ఇంకా తడిగా ఉంటాయి, చెయ్యి పెడితే చితుకుతాయి అని పైకి చూస్తూ చెబుతూనే ఉంది. నేను ఎర్ర పెన్సిల్ కోసం డ్రాయరు వెతికాను.